దుంప నాటితే దావా!

తమ పొలంలో తాము దుంపలు నాటుకుంటే రైతుల్ని కోర్టుకీడుస్తారా? ఈడ్చారు. గుజరాత్‌లో సబర్‌కాంఠా జిల్లాకు చెందిన నలుగురు బంగాళదుంప రైతుల మీద 2019లో పెప్సికో అనే బహుళజాతి కంపెనీ అహమ్మదాబాద్ కోర్టులో దావా వేసింది. ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయల పైచిలుకు నష్టపరిహారం కావాలట! లేస్ చిప్స్‌కు వాడే ఎఫ్‌సి-5 రకం తన పేర రిజిస్టరయింది కాబట్టి, తన అనుమతి లేకుండా ఎవరూ పండించకూడదన్నది.

తీరా చూస్తే చట్టం రైతు పక్షానే ఉంది. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షను చూడండి. రిజిస్టరయిన రకమైనా సరే, రైతు విత్తనం దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, తోటి రైతుతో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు విత్తనంగా అమ్మకూడదు, అంతే. ఇంత స్పష్టంగా ఉన్నా, రైతుల మాట వినకముందే కోర్టు తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇచ్చేసింది. ఆపైన కంపెనీ బేరం పెట్టింది: మా ఒప్పంద సేద్యంలోకి రండి, లేదా ఈ రకం ఇక వేయమని రాసివ్వండి, కేసు వదిలేస్తాం!

రైతు సంఘాలు గొంతెత్తాయి. కంపెనీ సరుకుల్ని బహిష్కరించమన్న పిలుపులొచ్చాయి. మే నెలలో దావాలు ఉపసంహరించుకోక తప్పలేదు. కవిత కురుగంటి పిటిషను మీద 2021 డిసెంబరులో రిజిస్ట్రేషనే రద్దయింది. కంపెనీ ఊరుకుందా? ఢిల్లీ హైకోర్టుకెక్కి 2023లో ఓడింది. మళ్ళీ అప్పీలు చేసి 2024 జనవరిలో నెగ్గింది. మనవాళ్ళు గెలిచామని ఇంటికి పోతే వాళ్ళు పోరు, గమనించారా?

విత్తనమే కాదు. అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టరు కొన్న రైతు, దాంట్లోని సాఫ్ట్‌వేర్ తాళం కంపెనీ చేతిలో ఉండడంతో, కొన్ని మరమ్మతులు సొంతంగా చేసుకోలేడు. కోతల వేళ డీలరు మనిషి కోసం ఎదురుచూడాల్సిందే. అక్కడి రైతులు చట్టసభ వెంటపడి 2023లో కొలరాడో రాష్ట్రంలో మరమ్మతు హక్కు చట్టం తెప్పించుకున్నారు.

ఇదంతా భూమున్నోళ్ళ గొడవ అనకండి. 1948లో వచ్చిన కనీస వేతనాల చట్టం సంఘం లేని ఊళ్ళలో ఎన్నేళ్ళు కాగితం మీదే పడివుందో కూలన్నలకు వేరే చెప్పాలా? అర ఎకరం కౌలుకు చేసేవాడికీ ఈ నోటీసు రావచ్చు. ఒక రకం మీద ఇతరుల హక్కు ఉందని తెలియక సాగుచేసిన రైతుది ఉల్లంఘన కాదని అదే చట్టం 42వ సెక్షను చెబుతోంది. నోటీసొస్తే భయపడి సంతకం పెట్టకండి; ఈ రెండు సెక్షన్లూ ముందు వకీలుకు చూపించండి.