పాతబడిన పవర్ టిల్లరు

చీపురుపల్లిలో ఒక రైతు పెరటిలో, పశువులసాల చివర, గోనెపట్టాలు కప్పిన పవర్ టిల్లరు నొకదానిని చూచుట తటస్థించినది. దాని రంగు చాలవరకు వెలిసిపోయినది. ఇంజనుపైని కోళ్లు కాపురము పెట్టినవి. "దీని పనైపోయిందండి మేష్టారూ! మా నాన్నగారు కొన్న బండి. పాత ఇనుముకి ఎత్తేయమంటున్నారంతా" అని యజమాని చెప్పెను. ఆయన కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. ఆ బాలుడును నేనును, ఒక మెకానిక్కు సహాయముతో, రెండు ఆదివారములు ఆ యంత్రము చుట్టు కూర్చుంటిమి. రెండవ ఆదివారము సాయంకాలమునకు అది నాలుగు మారులు తెల్లని పొగ కక్కి, పిమ్మట తిరుగసాగినది. విప్పి చూడగా అందులో విరిగిన భాగము ఒక్కటియు లేదు. దాని నాపివేసినవి దుమ్ము, నీరు, గాలి మాత్రమే. ఇండ్లలో మూలబడియున్న యిట్టి యంత్రములలో పెక్కింటి కథ యిదియే.

పవర్ టిల్లరనగా వెనుక నడచుచు తోలు రెండు చక్రముల చిన్న ట్రాక్టరు. పాశ్చాత్యదేశములలో ఇంటితోటల పనికి వాడు ట్రాక్టరునకు ఇది దాయాది. నాగలి మట్టిని కోసి ప్రక్కకు త్రోయును. దీని వెనుకనున్న ఇరుసుకు బిగించిన వంకరకత్తులు గిరగిర తిరిగి మట్టిని చెక్కి చిమ్మును. ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అను యువకుడు 1912 లో తన తండ్రి పొలమున ఇట్టి తిరుగుడు దుక్కిని పరీక్షించి, 1920 లో తన యంత్రమునకు పేటెంటు పొందెను. అట్టి పరికరమునకు వచ్చిన "రోటవేటర్" అను పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, ముందునుండియు వెనుకనుండియు చదివి చూడుడు. విద్యార్థులకు వేడుకగా నుండును. చిన్న వరిమడులు గల జపాను రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఈ యంత్రమును విస్తారముగా వాడుకలోనికి తెచ్చినది. మన దేశమునకు ఇది 1963 లో వచ్చినది. తరువాత హైదరాబాదులో "కృషి" అను పేరుతోను, బెంగుళూరులో మిత్సుబిషి సహకారముతోను, కేరళలో కుబోటా సహకారముతోను ఇవి తయారైనవి. ఆ తొలిరోజులలో చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలోనిది. 1979 లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది.

చిన్న కమతమునకు ఈ యంత్రము చేయు మేలును ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ఎకరము 4,047 చదరపు మీటర్లు. నాటునాగలి చాలు వెడల్పు 15 సెంటీమీటర్లనుకొన్నచో, ఎకరము ఒకసారి దున్నుటకు రైతు 27 కిలోమీటర్లు నడువవలెను. 60 సెంటీమీటర్ల వెడల్పున మట్టిని చెక్కు టిల్లరు వెనుక నడువవలసినది 7 కిలోమీటర్ల లోపే. మలుపులు వేరు. దమ్ము చేయుటయేగాక, ఇదే ఇంజను నీరు తోడును, ట్రాలీలో ఎరువు మోయును. పెద్ద ట్రాక్టరు దిగలేని చిన్న మడులలోను, కొబ్బరిచెట్ల వరుసల నడుమను ఇది తిరుగగలదు. ఎడ్లజతను పోషింపలేని కుటుంబమునకు, కిరాయి ట్రాక్టరు తమ వంతుకై వేచియుండు తొలకరి దినములలో, ఇంటనున్న పాతయంత్రము నడచుట, నడువకుండుట అనునది ఆ యేటి నాట్ల మాట.

ఇందులో సాధారణముగా ఒకే సిలిండరు గల డీజిలు ఇంజను ఉండును. పేరుపడిన 13 అశ్వశక్తుల ఇంజనొకటి గలదు. దాని సిలిండరు వ్యాసము 95 మిల్లీమీటర్లు. పిస్టన్, అనగా ముషలకము, కదలు దూరమును అంతే. స్తూపపు ఘనపరిమాణ సూత్రముతో గుణించిన 673 ఘన సెంటీమీటర్లు వచ్చును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు సాధనము లేదు. పిస్టన్ గాలిని ఇంచుమించు ఇరువదవ వంతునకు నొక్కును. సైకిలుపంపు మొన వేడెక్కుట మనమెరిగినదే. ఇక్కడ అదే క్రియ ఉగ్రరూపము దాల్చి, గాలి సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కును. అందులో చిమ్మిన డీజిలు తనంతట అంటుకొనును. పిస్టన్ చుట్టునున్న రింగులు అరిగి గాలి ప్రక్కలనుండి కారిపోయినచో ఆ వేడి పుట్టదు. పాత ఇంజను చలికాలపు ఉదయమున మొరాయించి, మధ్యాహ్నము బుద్ధిగా నడచుటకు కారణమిదియే.

మరి రింగులేల అరుగును? ఇక్కడనే దుమ్ము వచ్చును. ఈ ఇంజను నిమిషమునకు 2,400 చుట్లు తిరుగునప్పుడు రెండు చుట్లకొకసారి గాలి పీల్చును. ఆ లెక్కన గంటకు సుమారు 48 ఘనమీటర్ల గాలి లోనికి పోవును. ఘనమీటరు గాలిలో గ్రాములో పదవవంతు ధూళి ఉన్నదనుకొన్నను, గంటకు ఇంచుమించు 5 గ్రాములు! మెట్టదుక్కిలో యంత్రము తన దుమ్ములో తానే నడచుచుండును. చీపురుపల్లి చుట్టుప్రక్కల ఎర్రనేలలలోని ఇసుకపాలు ఎక్కువగా పలుగురాయి పొడియే. ఖనిజముల కాఠిన్యపు కొలతలో పలుగురాయి 7 వ మెట్టుననున్నది. సిలిండరు పోత ఇనుము దానికి చాల దిగువ. ఆ పొడి నూనెలో కలిసి రింగులనడుమ చేరినచో గరుకుకాగితముతో రాచినట్లే యగును.

దీనిని అడ్డగించునది గాలిగిన్నె. దాని అడుగున నూనె పోసియుండును. గాలి వేగముగా క్రిందికి దిగి, నూనెమీద చటుక్కున వెనుదిరిగి పైకి పోవును. తేలికయైన గాలి తిరుగగలదు. బరువైన రేణువు జడత్వముచే తిరుగలేక నూనెలో పడును. పాఠశాలలో చెప్పు జడత్వమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు. ఆ పెరటిలోని టిల్లరు గాలిగిన్నెలో నూనె బదులు గట్టిపడిన ఎర్రమట్టిముద్ద కనబడెను. బాలుడు దానిని పుల్లతో పెకలించి అరచేతిలో పెట్టుకొని చూచి, "ఇదంతా లోపలికే పోయేదా అండీ?" అని అడిగెను. గిన్నెను డీజిలుతో కడిగి, గుర్తువరకు ఇంజను ఆయిలు పోయవలెను. గుర్తు మించిన నూనె ఇంజనులోనికి పీల్చబడి, ఆపుటకు వీలుగాని వేగము పుట్టింపవచ్చును. దుమ్ముదుక్కి రోజులలో ప్రతిదినము గిన్నె తీసి చూచుట అతిజాగ్రత్త కాదు.

రెండవ శత్రువు నీరు. సగము ఖాళీయైన డీజిలుతొట్టిలో రాత్రి చల్లబడిన గాలి తన తేమను గోడలపై చెమటగా వదలును. నీరు డీజిలుకంటె బరువగుటచే అడుగున చేరి, ఇంజెక్షను పంపులోనికి పోయి త్రుప్పు పుట్టించును. ఆ పంపులోని ప్లంజరునకును దాని గొట్టమునకును నడుమ ఎడము మిల్లీమీటరులో వెయ్యవవంతుల లెక్క; త్రుప్పు మచ్చ యొక్కటి చాలును. కావున పని ముగిసిన సాయంకాలమే తొట్టి నింపవలెను, మరునాడు నింపుట కాదు. వడపోతగిన్నె అడుగు బిరడాను అప్పుడప్పుడు వదులు చేసి నీటిని తీసివేయవలెను.

గాలి మాట మరియు విచిత్రము. పూర్తి బరువుమీద గంటకు 3 లీటర్లు త్రాగు ఇంజను ఒక్కొక్క దెబ్బకు చిమ్ము డీజిలు ఘన సెంటీమీటరులో ఇరువది నాలుగవవంతు, అనగా ఒక బొట్టు కంటె తక్కువ. నాజిల్ తెరచుకొనవలెనన్న వందకు మించిన వాతావరణ పీడనములు కావలెను. ద్రవము నొక్కినను కుంచించుకొనదు గనుక ఆ పీడనము క్షణములో నాజిలును చేరును. గొట్టములో మిరియపుగింజంత గాలిబుడగ ఉన్నచో ప్లంజరు శ్రమ అంతయు ఆ బుడగను నొక్కుటకే సరిపోవును, నాజిల్ తెరచుకొనదు. హ్యాండిలు త్రిప్పి త్రిప్పి భుజములు నొప్పి పుట్టిన పిదప "ఇంజను పోయింది" అని తీర్మానించుట ఇట్లే జరుగును. చేయవలసినది స్వల్పము: వడపోత మీది మరను వదులు చేసి బుడగలు లేని డీజిలు కారువరకు వేచి బిగించుట, పంపువద్ద అట్లే, తుదకు నాజిల్ వద్ద నట్టు వదులు చేసి, డీజిలు వచ్చువరకు ఇంజనును చేతితో త్రిప్పి బిగించుట. అయితే నాజిలును బయటికి తీసి చిమ్మించునప్పుడు దాని యెదుట వ్రేలు పెట్టరాదు. ఆ సన్నని ధార చర్మమును దూరి లోపలికి పోవును. పైకి చీమకుట్టినంత గాయమే కనబడినను అది శస్త్రచికిత్స వరకు పోవు ప్రమాదము.

నూతినీటి సంగతి కొంచెము. ఇంజనును చల్లబరచుటకు ఉప్పునీరు పోసినచో సున్నపుపొర కట్టును. ఆ పొర పోత ఇనుముకంటె ఇరువది రెట్ల హెచ్చుగా వేడిని అడ్డగించును. వాననీరు పట్టి పోసికొనుట మేలు. కట్టిన పొరను నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో కరగింపవచ్చును. బుడగలుగా వచ్చునది బొగ్గుపులుసు వాయువు. మరుగుదొడ్లు కడుగు ఆమ్లము మాత్రము పోయరాదు. అది సున్నముతోపాటు ఇనుమును తినును.

పొగ రంగు చూచి రోగము చెప్పుట కష్టము కాదు. నల్లనిపొగ డీజిలు ఎక్కువ, గాలి తక్కువ యని చెప్పును. మొదట గాలిగిన్నె చూడుడు. నీలిపొగ కందెననూనె మండుచున్నదనుటకు గుర్తు. తెల్లనిపొగ మండని డీజిలు గాని నీరు గాని. ఇంజను పరీక్షలన్నియు ఆరుబయటనే చేయవలెను. మూసిన కొట్టములో పొగవాయువు ప్రాణములు తీయును.

ఇక కత్తులు. చీపురుపల్లివారికి వీనితో ఒక చుట్టరికము గలదు. మన దేశమున మాంగనీసు త్రవ్వకము 1892 లో అప్పటి విశాఖపట్టణం జిల్లాలో, ఈ ప్రాంతముననే మొదలైనది. 1882 లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అను ఇంగ్లీషువాడు ఉక్కులో నూటికి సుమారు 12 పాళ్లు మాంగనీసు కలిపి, దెబ్బ తగిలినకొలది గట్టిపడు ఉక్కును కనుగొనెను. టిల్లరు కత్తులు అంతటి మాంగనీసు గలవి కావు. నూటికి ఒక పాలు మాత్రముండి, సిలికను కలిసిన కమాను ఉక్కువి సామాన్యము. అరిగిన కత్తిని మన కమ్మరి సాగగొట్టి ఇచ్చును. అందులో రెండు పొరపాట్లు జరుగును. ఎర్రగా కాల్చి నేలమీద ఆరవేసినచో కత్తి మెత్తబడి రెండు నాళ్లలో అరుగును. నీటిలో ముంచినచో గాజువలె పెళుసై రాతికి తగిలి విరుగును. ఆ ముక్క తోలువాని కాలివైపే వచ్చును. కాల్చిన కత్తిని నూనెలో ముంచి, మరల సన్నని సెగమీద నీలిరంగు దాటువరకు వేడిచేసి చల్లార్చినచో గట్టిదనము, సాగుదల రెండును నిలుచును. అయినను నా అభిప్రాయములో, క్రొత్తకత్తుల జత కొనుట ఆదా. ఎడమవానిని ఎడమకు, కుడివానిని కుడికి బిగింపవలెను. వి-బెల్టులును అంతే: మూడింటిలో ఒకటి తెగినను మూడింటిని మార్చవలెను. లేనిచో సాగిన పాతవి బరువు మోయక క్రొత్తదే అంతయు మోసి తెగును.

నడుపుటలో అన్నిటికంటె తెలియవలసినది పల్లములో మలుపు. సమతలమున ఎడమపిడి క్రింది మీట నొక్కినచో ఎడమచక్రమునకు ఇంజను శక్తి తెగిపోవును. కుడిచక్రము త్రోయుటచే బండి ఎడమకు తిరుగును. చెరువుగట్టు దిగునప్పుడు, వెనుక ట్రాలీ బరువు త్రోయుచుండగా, ఇంజను చక్రములను నడుపుట లేదు, పట్టి ఆపుచున్నది. అప్పుడు ఎడమ మీట నొక్కినచో ఎడమచక్రమునకు ఆ పట్టు విడిపోయి అది ముందుకురుకును, కుడిచక్రము నిలిచియుండును. బండి కుడికి తిరుగును! ఎడమకు త్రిప్పబోయినవాడు కుడివైపు నీటిలోనో గోతిలోనో పడును. అనుభవజ్ఞులును ఒక్కక్షణము మరచి పడుటకు ఇదే కారణము. పల్లము రాకముందే తక్కువ గేరులో వేసి, మీటలు ముట్టక, పిడులను చేతులతో త్రోసి మళ్లింపవలెను. వెనుకగేరు వేయునప్పుడు కత్తులు తిరుగరాదు. వెనుక గోడగాని చెట్టుగాని ఉండరాదు.

కోతల పిమ్మట తొలకరి వరకు యంత్రము ఊరకుండును. అప్పుడు తొట్టి నిండుగా డీజిలు పోసి, బెల్టులు వదులు చేసి, టైర్లు నేలకు తగులకుండ ఇరుసుక్రింద రాళ్లు పెట్టవలెను. ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పి, పిస్టన్ గాలిని నొక్కి చేయి బరువెక్కినచోట నిలుపవలెను. ఆ స్థితిలో రెండు కవాటములును మూసికొని యుండును గనుక తడిగాలి సిలిండరులోనికి పోదు. ఆ పెరటిలోని బాలుడు ఆ స్థానము తెలియుటకు గతిచక్రముమీద సుద్దముక్కతో గీత గీసియుంచినాడు. గోనెపట్టాల బదులు ఇప్పుడు రేకు కప్పినారు. కోళ్లకు వేరే గంప ఏర్పడినది.