మట్టి అక్కర్లేదు... చెంచా సబ్జా గింజలు చాలు!

ఎండాకాలంలో సబ్జా నీళ్ళు తాగని ఇల్లు మన వైపు అరుదే. అయితే ఆ గింజలనే మొలకెత్తిస్తే ఘుమఘుమలాడే చిట్టి ఆకుకూర తయారవుతుందని మనలో ఎంతమందికి తెలుసు? భూతులసి, రుద్రజడ అని పిలుచుకునే మొక్క గింజలే ఈ సబ్జా. పిజ్జా మీద వేసే బేసిల్ కూడా ఇదే. కోటలో పెట్టి పూజించే తులసి దీనికి చుట్టమే కానీ, అది వేరు, ఇది వేరు. కాబట్టి కత్తెర వెయ్యడానికి సంకోచం అక్కర్లేదు.

ఇలా లేత ఆకులు విచ్చుకోగానే కోసుకు తినే కూరల్ని మైక్రోగ్రీన్స్ అంటున్నారు. మట్టి లేకుండా నీళ్ళతోనే పెంచడాన్ని హైడ్రోపోనిక్స్ అంటారు. అమెరికాలో గెరిక్ అనే శాస్త్రవేత్త 1937లో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. పేర్లు పెద్దవి గానీ పని చాలా చిన్నది. ట్రేలు, లైట్లు, ద్రావణం సీసాలు కలిపి కిట్లు అమ్ముతున్నారు కదా, దానికి డబ్బు పోసే ముందు ఒక్క సంగతి గమనించండి. మొదటి రెండు ఆకులకీ కావలసిన ఆహారం గింజలోనే ఉంటుంది. మనం కోసేది ఆ వయసులోనే కనుక నీళ్ళు చాలు. మొక్కను పెద్దది చెయ్యాలనుకుంటేనే ద్రావణం అవసరం.

పెసలలాగా నానబెట్టకండి

పెసలూ శనగలూ రాత్రి నానబోసి, పొద్దున గుడ్డలో మూట కట్టడం మనకి అలవాటే. సబ్జాకి ఆ పద్ధతి పనికిరాదు. తడి తగలగానే గింజ చుట్టూ జిగురు ఊరుతుంది. మూట కడితే అన్నీ ఒకే ముద్దయిపోయి, గాలాడక కుళ్ళిపోతాయి. విడివిడిగా చల్లితే ఆ జిగురే మేలు చేస్తుంది. గింజను గుడ్డకి అంటించి, చెమ్మ ఆరిపోకుండా కాపాడుతుంది.

కావలసినవి

అడుగు చదునుగా ఉన్న చిల్లుల ప్లాస్టిక్ బుట్ట, అది పట్టేంత పళ్ళెం, బోర్లించడానికి రెండు చిన్న గిన్నెలు, ఉతికిన పాత నూలు చీర ముక్క, అర టీస్పూను సబ్జా గింజలు. జానెడు బుట్టకి ఇవి సరిపోతాయి. గింజలు వంటకి అమ్మేవే తీసుకోండి. విత్తనాల షాపులో రంగు పూసి అమ్మేవాటికి మందు కలిపి ఉంటుంది, అవి తినకూడదు. చియా గింజలతో పొరబడకండి. చియా బూడిద రంగులో మచ్చలతో నున్నగా ఉంటుంది, సబ్జా నల్లగా ఉంటుంది. పాత గింజలు సరిగా మొలవవు. అనుమానంగా ఉంటే ముందు ఇరవై గింజలు తడిగుడ్డ మీద వేసి చూడండి. పదిహేను మొలిస్తే మంచివే.

చేసే విధానం

పళ్ళెంలో గిన్నెలు బోర్లించి, వాటిమీద బుట్ట పెట్టండి. గుడ్డను రెండు మడతలు వేసి, తడిపి, బుట్టలో పరవండి. దాని కొసలు కిందికి వేలాడి పళ్ళెంలోని నీళ్ళలో మునగాలి. వత్తి నూనె పీల్చినట్టు గుడ్డ నీళ్ళు పీల్చుకుంటుంది. పొడి గింజల్ని ఒకదానిమీద ఒకటి పడకుండా పల్చగా చల్లి, పైన మరో పళ్ళెం బోర్లించండి. పొద్దున, సాయంత్రం కాసిని నీళ్ళు చిలకరించండి.

మన వేడికి మూడు నాలుగు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. చలికాలంలో ఇంకొన్ని రోజులు ఆలస్యమవుతుంది. మొలకలు రాగానే మూత తీసి, వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టండి. పొద్దుటి ఎండ మంచిది, మే నెల మధ్యాహ్నపు ఎండకి మాడిపోతాయి. కాడలు పాలిపోయి సాగుతుంటే వెలుతురు చాలడం లేదన్నమాట. ఇక పైనుంచి తడపడం తగ్గించి, పళ్ళెంలో నీళ్ళు రోజూ మార్చండి. ఆకులకి నల్లటి పొట్టు అంటుకుంటే కాస్త నీళ్ళు చిమ్మితే జారిపోతుంది.

అది బూజేనా?

మొలక వేళ్ళ చుట్టూ తెల్లటి నూగు కనిపించగానే చాలామంది బూజనుకుని పారేస్తారు. అవి వేళ్ళకుండే సన్నని కేశాలు. నీళ్ళు చిలకరిస్తే అణిగిపోతాయి. బూజు అలా కాదు, సాలెగూడులా గింజల మీదా కాడల మీదా పాకి, ముక్క వాసన వేస్తుంది. అదైతే మొత్తం పారేసి, గుడ్డను మరగబెట్టి ఉతకండి.

కోత, వాడకం

రెండు మూడు వారాలకి మొదటి రెండు ఆకులు బాగా విచ్చుకుంటాయి. వేళ్ళూ పొట్టూ రాకుండా కత్తెరతో పైకి కోసి, కడిగి, ఆ పూటే వాడేయండి. ఫ్రిజ్‌లో పెడితే చలికి ఆకులు నల్లబడతాయి. కోసినవి మళ్ళీ చిగురించవు కాబట్టి వారానికో బుట్ట చొప్పున వేసుకుంటే వరసగా అందుతాయి.

పోపులో వేస్తే వాసన పోతుంది. కీరదోసకాయ పెరుగు పచ్చడి, మజ్జిగ, టొమాటో ముక్కలు, పొయ్యి మీంచి దించిన ఉప్మా, వీటిమీద చల్లుకుంటే రుచి. పిల్లలకి బ్రెడ్డు, టొమాటో మధ్య పెట్టి ఇవ్వండి.

2012లో అమెరికాలో 25 రకాల మైక్రోగ్రీన్స్ పరీక్షిస్తే, చాలావాటిలో ముదురు ఆకులకంటే విటమిన్లు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే అది గ్రాముకి గ్రాము లెక్క. మనం చల్లుకునేది చిటికెడు. అందుకని తోటకూర, పాలకూర మానేసి దీన్ని నమ్ముకోకూడదు. రోగాలు నయమవుతాయనే మాటలూ నమ్మకండి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవారు మాత్రం రోజూ తినే ముందు డాక్టరుని అడగాలి.

పెరడు లేదు, బాల్కనీ కూడా లేదని దిగులుపడే అపార్టుమెంటు ఇల్లాళ్ళకి కిటికీ గట్టు చాలు. ముందు చెంచా గింజలతో చేసి చూడండి. నాలుగు కోతలు కోశాక కూడా కిట్టు కావాలనిపిస్తే అప్పుడే కొనుక్కోండి!