సీసపు ముద్ర

తపాలా మూలమున విలువగల పొట్లము వచ్చునపుడు దాని ముడులపై ఎఱ్ఱని లక్కముద్ర యుండుట మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. ముద్ర పగులకున్నచో లోపలి వస్తువు నెవ్వరును ముట్టలేదని నమ్మకము. క్రీ. శ. 330 లో ప్రతిష్ఠింపబడి 1453 లో తురుష్కుల వశమైన కాన్‌స్టాంటినోపుల్ నగరము రాజధానిగా గల బైజాంటియ సామ్రాజ్యమున ఈ నమ్మకమును కాపాడుపని ముఖ్యముగా సీసమునకు అప్పగింపబడెను. ఆ సీసపు ముద్రలనుగూర్చి మేమిచ్చట కొంత వివరింతుము.

ముందుగా సీసమును కరగించి మూసలో పోసి చిన్న బిళ్లలను చేయుదురు. వీని వెడల్పు సాధారణముగా రెండు మూడు సెంటీమీటర్లు. బిళ్లలోపల ఒక అంచునుండి ఎదుటి అంచువఱకు సన్నని రంధ్రముండును. లేఖను మడచి, దానికి కట్టిన దారమును ఆ రంధ్రమున దూర్తురు. పిమ్మట పటకారువంటి ఇనుప సాధనముయొక్క రెండు దవడలనడుమ బిళ్లనుంచి, పైనుండి సుత్తితో కొట్టుదురు. దవడలయందు బొమ్మయు అక్షరములును తిరుగవేసి చెక్కబడియుండును గాన, ఒక్క దెబ్బతో రెండువైపులను ముద్ర పడును. రంధ్రము నొక్కుకొనిపోయి దారమును గట్టిగా పట్టుకొనును. ఈ సాధనమునకు గ్రీకుభాషలో బుల్లొటేరియన్ అని పేరు. సీసము మెత్తనిది, చౌకయైనది. మైనమువలె ఎండకు కరగిపోదు. చక్రవర్తి ఘనమైన శాసనములకు మాత్రము బంగారు ముద్ర వేయబడుచుండెను.

పదునొకండవ శతాబ్దమున మండలములలో న్యాయవిచారణయు, పౌరపరిపాలనయు క్రితేస్ అను న్యాయాధికారుల చేతిలో నుండెను. అట్టివారి ముద్రలపై సాధారణముగా ఒకవైపున కన్య మరియమ్మ రూపమో, ఒక పరిశుద్ధుని రూపమో యుండును. రెండవవైపున వరుసలుగా గ్రీకు అక్షరములుండును. ప్రభువు తన దాసునికి తోడ్పడవలెనను ప్రార్థన, అధికారి పేరు, బిరుదు, ఉద్యోగము, మండలము అను వానిని ఆ కొద్ది చోటున ఇఱికించుటకై పదములను కుదించి వ్రాయుదురు. ప్రొటోస్పథారియోస్ అను బిరుదు వీనిపై తఱచు కానవచ్చును. మొదటి ఖడ్గధారి యని దాని యర్థము. అయినను కత్తి పట్టని న్యాయాధికారులకును ఆ గౌరవము దొరకుచుండెను.

ఇట్టి ముద్రలలో పెక్కింటిపై సంవత్సరముండదు. అందుచే పండితులు అక్షరముల తీరును, బొమ్మలను చూచి కాలము నిర్ణయింతురు. పరిశుద్ధుల పటములను గౌరవింపవచ్చునా కూడదా యను వివాదము ఎనిమిది, తొమ్మిది శతాబ్దములలో ఆ దేశమును కలచివైచెను. ఆ కాలపు ముద్రలపై తఱచు రూపములకు మాఱుగా సిలువయో, సిలువయాకారమున కూర్చిన అక్షరములో యుండును. 843 లో పటములకు మరల గౌరవము కలుగగా, ముద్రలపైకిని రూపములు క్రమముగా తిరిగివచ్చెను.

ఆ లేఖలలో పెక్కులు నశించినవి. తోలుపత్రములు చివికిపోయెను, కాగితములు కాలిపోయెను. సీసము మాత్రము మంటిలో నిలిచెను. వాషింగ్టన్ నగరమందలి డంబార్టన్ ఓక్స్ సంస్థలోనే సుమారు 17,000 ముద్రలు భద్రపఱుపబడియున్నవి. ఏ చరిత్రకారుడును పేర్కొనని అనేక ఉద్యోగుల పేర్లు వీనివలననే లోకమునకు తెలిసినవి. ఉద్యోగి పైపదవికి పోయినపుడు క్రొత్త ముద్ర చేయించుకొనును గావున, ఒకనివే యని తేలిన ముద్రలను వరుసగా పేర్చి అతని జీవితక్రమమును గ్రహింపవచ్చును. అయితే ఒకే పేరుగలవారు పలువురుందురు గనుక, వంశనామము లేనిచోట మిక్కిలి జాగ్రత్త వలయును.

వేయేండ్లు మంటిలో నిలిచిన ఈ బిళ్ల మన పెట్టెలో చెడిపోవచ్చును. కొన్ని కొయ్యలనుండి వెడలు పులుసు ఆవిరి తగిలినచో సీసము తెల్లని పొడియై రాలిపోవును; పొడితోపాటు పేరును పోవును. కావున వీనిని భద్రపఱచువారు పెట్టెవిషయమునగూడ శ్రద్ధ వహింపవలెను. ఆ అధికారి తన పేరును ముద్రించి, ఈ వ్రాతకు నేనే బాధ్యుడనని ఒప్పుకొనెను. ఆ పేరును చెడకుండ కాపాడుట ఇప్పుడు మనవంతు.