లీజు మధ్యలో షాపు ఖాళీ చేయాలంటే

చాండ్లర్‌లో చీరల బొటీక్ నడిపే మా స్నేహితురాలికి లీజు ఇంకా 14 నెలలుంది, బేరాలేమో లేవు. "తాళాలు ఇచ్చేసి వచ్చేస్తానే" అంది. ఆగమన్నాను. (నేను చదివింది కెమిస్ట్రీ, లా కాదు!) ఇద్దరం కూర్చుని లీజు చదివితే తేలింది, పర్సనల్ గ్యారంటీ మీద కూడా సంతకం చేసిందని. అంటే కంపెనీ మూసేసినా బాకీ తన సొంత డబ్బు మీదికొస్తుంది.

అరిజోనాలో అలా వదిలేసిన షాపును మళ్ళీ అద్దెకివ్వడానికి ఓనరు తగిన ప్రయత్నం చేయాలి. కానీ ఎవరైనా దొరికేదాకా అద్దె మన నెత్తినే. అందుకే అద్దె ఆపకుండా, కొత్త అద్దెదారుని తనే వెతికి తీసుకెళ్ళింది. డిపాజిట్ వదులుకుని, పైన రెండు నెలల అద్దె ఇస్తానంది. ఓనరు నాలుగు అడిగి మూడుకి దిగాడు.

లీజు కొత్తవాళ్ళ పేర మారితే చాలదండీ, గ్యారంటీ రద్దయిందని విడిగా రాయించుకోవాలి. ఆ ఒక్క వాక్యం కోసం వారం రోజులు తిరిగింది.