రోమక నాణెములపై రాణులు

కాసులపేరు మనకు క్రొత్త గాదు. సముద్రము దాటి మనదేశమునకు వచ్చిన రోము సామ్రాజ్యపు బంగారునాణెములలో కొన్నింటికి బెజ్జములు గలవు, కొన్నింటికి కొక్కెములు అతుకబడి యున్నవి. వానిని మనవారు నగలుగా ధరించిరని పండితులు చెప్పుదురు. మిరియములకును, ముత్యములకును, సన్నని నూలుబట్టలకును వెలగా ఆ బంగారము వచ్చినది. హిందూదేశమునకును, చీనాకును, అరబ్బుదేశమునకును ఏటేట పదికోట్ల సెస్టెర్సులు పోవుచున్నవనియు, విలాసములకును స్త్రీలకును ఇంత వ్యయమగుచున్నదనియు ప్లినీ యను రోమక గ్రంథకర్త మొరపెట్టుకొనెను. అది వ్రాయునప్పుడు పురుషులు తిను మిరియముల మాట ఆయనకు స్ఫురింపలేదు కాబోలు! మన దీనార శబ్దము రోమకుల వెండినాణెమగు ‘డెనారియసు’ నుండి వచ్చినదే.

పాతనాణెములను ప్రోగుచేయుట తీరిక గల పురుషుల వేడుక యని మనలో ననేకుల తలంపు. కాని ఆ నాణెములపై చక్రవర్తులే గాక వారి తల్లులును, భార్యలును, కుమార్తెలును గలరు. చరిత్రగ్రంథములు ఒక్క పంక్తిలో దాటిపోయిన స్త్రీల కథ అందు కంటికి కనబడును.

క్రీ. శ. 54లో నీరో పదునారేండ్ల ప్రాయమున చక్రవర్తి యయ్యెను. ఆ యేటి బంగారు, వెండి నాణెములపై తల్లి యగు అగ్రిప్పినయు, కుమారుడును ఎదురెదురుగా ఒకరి నొకరు చూచుచుందురు. బొమ్మవైపున చుట్టును వ్రాయబడినది తల్లిపేరు. చక్రవర్తి పేరు బొరుసునకు పోయినది! మరుసటి యేటి నాణెమును దీని ప్రక్కన నుంచి చూడుడు. ఇద్దరును ఒకేవైపునకు తిరిగి యున్నారు. కుమారుడు ముందు, తల్లి వెనుక నీడవలె. పేర్లును తారుమారైనవి. అటుపిమ్మట రోము టంకసాల నాణెములపై ఆమె ముఖమే కానరాదు. 59లో కుమారుని యాజ్ఞచే ఆమె చంపబడెను. ఈ రెంటిలో ఏ యొక్కటి విడిగా చేజిక్కినను ఇంత కథ తెలియదు. ప్రక్కప్రక్కన నుంచినప్పుడే తెలియును.

అంటొనైనసు పయసు భార్య యగు ఫాస్టినా కథ వేరు. ఆమె 140వ సంవత్సర ప్రాంతమున గతించెను. భర్త ఆమెను దేవతగా ప్రకటించి, రోము నడిబొడ్డున గుడి గట్టించి, ఆమె ముఖముతో విస్తారముగా నాణెములు వేయించెను. ఆమె పేర పేదబాలికల పోషణకై ధర్మనిధి నొకటి నెలకొల్పెను. ఆ ధర్మమును చూపు నాణెములును గలవు, కాని అవి మిక్కిలి అరుదు. తక్కినవి సేకర్తలకు నేటికిని సులభముగా దొరకుచున్న వనిన, ఆ భర్త దుఃఖమే అందులకు కారణము. ఈమె కుమార్తె పేరును ఫాస్టినాయే. అక్షరములు అరిగిపోయిన నాణెముపై ఇద్దరిని గుర్తించు టెట్లు? కొప్పును బట్టి! తల్లి జడలను నడినెత్తిన చుట్టుకొన్నది. కుమార్తె మెడపైకి ముడివైచుకొన్నది. ఈ పరీక్షకు మనకంటె తగినవా రెవరు? మన నాగార్జునకొండ త్రవ్వకములలో దొరకిన రోమక బంగారునాణెములలో తల్లి ఫాస్టినాది యొకటి.

ఇట్టి నాణెము బరువు తులములో మూడింట రెండువంతులకు కొంచెము తక్కువ. కంసాలి కుంపటిలో వేసినచో మిగులునదియు అంతే. రాగినాణెము పాలిటికి మన చింతపండే శత్రువు. తళతళలాడవలెనని తోమినచో, శతాబ్దముల తరబడి పట్టిన పచ్చని పొరతోపాటు అక్షరములును చెడిపోవును.

ఒకేచోట దొరకిన నాణెములను విడదీయుట అంతకన్న పెద్ద నష్టము. 1898లో నాటి పుదుక్కోట సంస్థానమున 501 రోమక బంగారునాణెములు ఒక్కచోట బయటపడినవి. వానిలో చాలవాటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలితో గాటు పెట్టబడి యున్నది. అరిగినవి మరల చెలామణి కాకుండ నట్లు చేసిరని కొందరి యూహ. ఆ నాణెములు తలకొక్కటిగా పంచుకొనబడి యుండినచో, గాటుపడిన దానిని చెడినదిగా నెంచి కరగించెడివారే గాని, ఇట్టి ప్రశ్నయే పుట్టెడిది కాదు.

పెరటిలో గొయ్యి త్రవ్వునప్పుడు ఇట్టి ముంత బయటపడిన యింట మొదట కలుగునది సంతోషము, వెంటనే భయము. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినవారు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టము విధించుచున్నది. తెలిపిన సొమ్మంతయు ఊరక పోవునను భయము నిరాధారము. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో, లోహపు విలువకు అందులో అయిదవవంతు చేర్చి హక్కుదారుల కీయవలెనని ఆ చట్టముననే గలదు.