కుక్కకు పెట్టెడి ముద్ద

మన యిండ్లలో పిల్లలు తమ కంచములోనుండి ఒక ముద్ద కుక్కకు పెట్టుట వాడుక. ఆ దయ మెచ్చదగినదే. కాని ఆ ముద్దలో నేమున్నదో మనము గమనింపవలెను.

కుక్క తోడేలు సంతతియే యైనను, వేలయేండ్లు మనుష్యునితో మెలగి అన్నము నరిగించుకొన నేర్చినది. పిండిపదార్థమును జీర్ణముచేయు జన్యువునకు తోడేలులో 2 ప్రతులుండగా, కుక్కలో 4 మొదలు 30 వరకు గలవని 2013లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. కావున మాంసముతోపాటు మెత్తని అన్నమును దానికి పెట్టవచ్చును.

ఉల్లి, వెల్లుల్లి మాత్రము వండినను దాని రక్తకణములను చెరచును. ద్రాక్ష, కిస్‌మిసు మూత్రపిండములకు, చాకొలెట్టు గుండెకు హాని చేయును. ఉడికిన యెముక చీలి ప్రేగులను గ్రుచ్చును.

మన సాంబారులోను, పులుసులోను ఉల్లి తరచుగా నుండును. కనుక అవి కలుపకముందే కుక్క ముద్దను వేరుగా తీసియుంచుమని పిల్లలకు నేర్పుదము.