పన్నెండు లీటర్లు ఎవరు తాగారు?

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పనికోసం వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబాలవి. ఊరంతా రైలు పట్టాల మధ్యే ఉన్నా, పండుగకు టిక్కెట్లు దొరకనప్పుడు రోడ్డు పట్టక తప్పదు. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి అలాంటి ఒక కుటుంబం పాత మారుతి ఓమ్ని వ్యాను అద్దెకు తీసుకుని శ్రీకాకుళం వెళ్ళి వచ్చింది. పెట్రోలు ఖర్చు కుటుంబానిది, బత్తా డ్రైవరుకు. పోయేటప్పటికంటే వచ్చేటప్పుడు పన్నెండు లీటర్లు ఎక్కువ పట్టింది. అదే రోడ్డు, అదే బండి, అదే డ్రైవరు. ఇంటి పెద్ద వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. లెక్కలో మహా గట్టివాడు. "పన్నెండు లీటర్లు ఆవిరైపోయాయా బాబూ?" అని అడిగి, ఆ మేరకు బత్తాలో కోత పెట్టాడు. డ్రైవరు మొహం మాడిపోయింది. అప్పుడు నేను ఆ ఇంట్లో అతిథిని.

డ్రైవరు నిజంగా పెట్రోలు అమ్ముకున్నాడా? మీరు తీర్పు చెప్పేముందు రెండు ప్రయాణాల మధ్య తేడాలు వినండి. వెళ్ళేటప్పుడు ఎవరికీ తొందర లేదు. బండి అరవై దాటలేదు. వచ్చేటప్పుడు మర్నాడు పొద్దున్నే పెద్దబ్బాయికి డ్యూటీ. ఖాళీ రోడ్డు దొరికిన చోటల్లా ముల్లు తొంభై మీదే ఉంది. పైగా బియ్యం బస్తా, కొబ్బరికాయలు, పలాసలో కొన్న జీడిపప్పు డబ్బా, అన్నీ కలిపి మూటలుగా కట్టి టాపు మీద కారియర్‌కు బిగించారు.

సమతలంగా ఉన్న రోడ్డు మీద ఒకే వేగంతో పోయే బండిని రెండు బలాలు వెనక్కి లాగుతుంటాయి. ఒకటి టైర్లది. బరువు కింద టైరు నొక్కుకుని, మళ్ళీ తేరుకుంటూ తిరుగుతుంది. ప్రతి నొక్కులోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. దీన్ని దొర్లుడు నిరోధం అందాం. ఇది బండి బరువును బట్టి ఉంటుంది గాని, వేగంతో పెద్దగా మారదు. మనుషులతో, సామాన్లతో కలిపి వ్యాను బరువు 1200 కిలోలు అనుకుంటే ఈ నిరోధం సుమారు 150 న్యూటన్లు.

రెండోది గాలి. మన కథలో అసలు పాత్ర ఇదే. ఓమ్నిని ఒకసారి ముందు నుంచి చూడండి. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, తర్వాత ఓమ్ని అని పేరు మార్చుకున్న ఈ బండి ఉత్పత్తి 2019లో ఆగిపోయింది. కానీ పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 796 సి.సి. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కనుక దీనికి ముక్కు లేదు. అద్దం దాదాపు నిటారుగా ఉంటుంది. వెనక భాగం అగ్గిపెట్టెను కోసినట్టుంటుంది. చోటు కలిసిరావడానికి ఇంతకంటే మంచి ఆకారం లేదు, గాలిని చీల్చడానికి ఇంతకంటే చెడ్డది లేదు!

ముందు నుంచి చూస్తే ఈ బండి వైశాల్యం సుమారు రెండు చదరపు మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లు అంటే సెకనుకు 16.7 మీటర్లు. ఘనమీటరు గాలి బరువు 1.2 కిలోలు. గుణించి చూడండి: బండికి ఎదురయ్యే గాలి సెకనుకు 40 కిలోలు! వేగం 90 అయితే ఇది 60 కిలోలు. గాలికి బరువేముంటుంది అనుకునేవారికి ఈ అంకెలు చూపించండి. ఇంత గాలినీ బండి పక్కలకీ, పైకీ నెట్టుకుంటూ పోవాలి. బండి వెళ్ళిన చోట వెనకవైపు సుడులు తిరిగే అల్పపీడనం ఏర్పడి, అదీ వెనక్కే లాగుతుంది.

వేగం రెట్టింపయిందనుకోండి. సెకనుకు ఎదురయ్యే గాలి రెట్టింపవుతుంది. అంతేకాదు, ఆ గాలిని రెట్టింపు విసురుతో పక్కకు నెట్టాలి. రెండు రెళ్ళు నాలుగు. అంటే వాయునిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇలాంటి పెట్టె ఆకారానికి తగిన గుణకం వేసి లెక్క కడితే 60 వేగంలో ఇది దాదాపు 150 న్యూటన్లు వస్తుంది. టైర్లూ గాలీ సరిసమానం, మొత్తం 300. 90 వేగంలో టైర్లది 150 దగ్గరే ఆగిపోగా గాలిది ఒక్కటే 340 అవుతుంది. మొత్తం 490.

ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని పొడవాటి ప్లాట్‌ఫారం మీకు తెలిసే ఉంటుంది. 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌లో ఇంకా పొడవైనది వచ్చేదాకా ప్రపంచంలో దానిదే రికార్డు. ఇంచుమించు ఆ పొడవు, అంటే ఒక కిలోమీటరు దూరం, మన వ్యాను నడవాలంటే 60 వేగంలో చక్రాల దగ్గర 3 లక్షల జౌళ్ళ శక్తి కావాలి. 90 వేగంలో 4.9 లక్షల జౌళ్ళు కావాలి.

లీటరు పెట్రోలులో దాదాపు 3.2 కోట్ల జౌళ్ళున్నాయి. అయితే అందులో అధికభాగం రేడియేటరులోంచీ, పొగగొట్టంలోంచీ వేడిగా పోతుంది. చక్రాలకు చేరేది అయిదో వంతు, అటూ ఇటూగా. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. పెట్రోలు ఇంజను కొంత బరువు మోస్తున్నప్పుడే పొదుపుగా పనిచేస్తుంది. తేలిక పనిలో పిస్టన్ల రాపిడికీ, సగం మూసుకున్న దారిలోంచి గాలి పీల్చుకోవడానికీ పెట్టే ఖర్చు ఎక్కువ పాలవుతుంది. అందువల్ల 60 వేగంలో 18 శాతం, 90లో 22 శాతం చక్రాలకు చేరుతుందని అనుకుందాం. అప్పుడు లీటరుకు మొదటి సందర్భంలో 19 కిలోమీటర్లు, రెండో సందర్భంలో 14 చిల్లర వస్తాయి. అన్నట్టు, మరీ నెమ్మదిగా 25లో నడిపితే ఇంకా ఆదా అవుతుందనుకునేవారు పొరబడేదీ ఇక్కడే. అప్పుడు కింది గేరులో ఇంజను తన రాపిడికే తాను తాగుతుంది.

ఖరగ్‌పూర్ నుంచి బాలేశ్వర్, కటక్, భువనేశ్వర్, బరంపురం మీదుగా శ్రీకాకుళం దాదాపు 640 కిలోమీటర్లు. దారంతా ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి. పై లెక్కన 60లో 34 లీటర్లు, 90లో 44 లీటర్లు. వేగం ఒక్కటే పది లీటర్లు తాగేసింది!

ఇక కారియర్ సంగతి. మూటలు బండి ముఖవైశాల్యాన్ని అయిదో వంతు పెంచాయనుకుంటే, 90 వేగంలో మరో ఆరు లీటర్లు ఖర్చు. అవే మూటలు సీట్ల కింద సర్దుకుని ఉంటే? అరవై కిలోల బరువు వల్ల దొర్లుడు నిరోధంలో పెరిగేది ఏడెనిమిది న్యూటన్లు మాత్రమే. ఈ సుదీర్ఘ ప్రయాణంలో లీటరు కూడా కాదు. హైవే మీద సామాను ఎంత బరువుందన్న దానికంటే ఎక్కడుందన్నదే ముఖ్యం. బియ్యం బస్తా మీద కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం పెద్దలకు నచ్చదు, అది వేరే విషయం.

మొత్తం పదహారు లీటర్లు తేడా రావాలి కదా, పన్నెండే ఎందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. దారి పొడుగునా తొంభైలో ఎవరూ పోలేరు. ఊళ్ళు, టోల్ గేట్లు, ఆవులు, టిఫిన్లు! ఆగడం వల్ల కూడా నష్టముంది. 90లో పోతున్న బండికి బ్రేకు వేస్తే 3.75 లక్షల జౌళ్ళ గతిజశక్తి బ్రేకుల్లో వేడైపోతుంది. కానీ ఇరవైసార్లు అలా ఆగినా పోయేది లీటరు పైన కొంచెమే. నగరంలో మైలేజిని తినేది బ్రేకు, హైవేలో తినేది గాలి.

ఆ గాలి కూడా ఊరికే నిలబడి ఉండదు. సంక్రాంతి రోజుల్లో ఈశాన్యం నుంచి గాలి వీస్తుంటే, నైరుతి దిక్కుగా శ్రీకాకుళం వెళ్ళే బండికి అది వీపు తడుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. గంటకు పది కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే 90లో పోయే బండికి 100 వేగంలో పోయినంత వాయునిరోధం. అదనపు బలం 80 న్యూటన్లు. అంటే మూటలు కట్టిన కారియర్ కంటే కూడా కాస్త ఎక్కువే.

ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపిస్తే ఇంటి పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. జీవితమంతా రైలు చక్రాల మధ్య గడిపిన ఆయనకు దొర్లుడు నిరోధం సులువుగానే అర్థమైంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి అది రబ్బరు టైరుతో పోలిస్తే పదో వంతుకు పడిపోతుందని ఆయనే నాకు గుర్తుచేశాడు. గాలి దగ్గరే అనుమానం. "మరి రైలుకు గాలి తగలదా?" అన్నాడు. తగులుతుంది. కానీ గాలిని ఎదురుగా ఢీకొనేది ముందున్న ఇంజను ఒక్కటే, వెనక పెట్టెలన్నీ చాలావరకు దాని చాటున పోతాయి. ఈ మాట విని, లారీ వెనకే అంటుకుని పోతే పెట్రోలు మిగులుతుందని మీకు తోచవచ్చు. మిగులుతుంది, కానీ లారీ బ్రేకు వేస్తే మనిషే మిగలడు.

మీ ఇంట్లో బండి ఉంటే మీరూ కొలవవచ్చు. ట్యాంకు నిండా కొట్టించి మీటరు అంకె రాసుకోండి. ప్రయాణం చివర మళ్ళీ నిండా కొట్టించి, పట్టిన లీటర్లతో దూరాన్ని భాగించండి. నిండా అన్నది బంకుకో రకంగా ఉంటుంది కనుక ఒక లీటరు దాకా పొరపాటు రావచ్చు. అందుకే యాభై కిలోమీటర్ల ప్రయాణంతో లెక్క తేల్చకూడదు, కనీసం మూడు నాలుగు వందలైనా ఉండాలి. దారిలో ఏ వేగంలో పోయారో, టాపు మీద ఏముందో, పొద్దున్న టైర్లలో గాలి చూశారో లేదో పక్కన రాసుకోండి.

మర్నాడు సాయంత్రం ఆ పెద్దాయన డ్రైవరును పిలిపించి, కోసిన డబ్బు చేతిలో పెట్టాడు. అతను లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుని, "తొంభైలో పొమ్మన్నది మీ అబ్బాయే కదండీ" అన్నాడు.